పెళ్లికి వెళ్లొచ్చిన వెండి

మ్యూజియంలో ఉద్యోగమంటే పాత సామాన్ల మీద దుమ్ము దులపడమేనని అనుకునేవాళ్లు మా బంధువుల్లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లతో నేను వాదన పెట్టుకోను. దుమ్ము నిజంగానే చాలా దులిపాను, అదీ సంతోషంగానే దులిపాను. అయితే ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను అడిగే ప్రశ్నలు వేరు. ఏ కోర్సు చదవాలి, కంప్యూటర్లో ఏం నేర్చుకోవాలి, క్యూరేటరు కావడానికి ఎన్నేళ్లు పడుతుంది అంటారు. వీటికి నా దగ్గర మంచి జవాబుల్లేవు. మా కాలంలో కంప్యూటరు లేదు. నన్ను క్యూరేటర్ని చెయ్యాలన్న ఆలోచన కూడా ఎవరికీ త్వరగా రాలేదు. నేను చెప్పగలిగిందల్లా, ఎవరో అపురూపంగా దాచుకున్న వస్తువు మన చేతుల్లోకి వచ్చాక మనం ఎలా మసలుకోవాలి అన్నదే. అది నేను డెబ్బయిల్లో ఒమాన్‌లో నేర్చుకున్నాను, మా వారి ఉద్యోగం పుణ్యమా అని.

కుండ పరీక్ష

మాది రాజమండ్రి వైపు కుటుంబం. నాన్నగారి ఉద్యోగం వల్ల నేను పెరిగింది హైదరాబాదులో. అందుకే ఇంట్లో గోదావరి తెలుగు, వీధిలో ఉర్దూ రెండూ వంటబట్టాయి. చదువయ్యాక అక్కడే ఒక మ్యూజియంలో కొన్నాళ్లు పనిచేశాను. పెళ్లయ్యాక మా వారు రామచంద్రం గారికి మస్కట్ పక్కన రువీలో ఒక కాంట్రాక్టు కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగం వచ్చింది. ఆయన వెంట నేనూ వెళ్లాను. అప్పట్లో రువీ అంటే సగం కొండలు, సగం సిమెంటు బస్తాలు. రోజూ ఎక్కడో ఒక కొత్త రోడ్డు పడేది, ఒక కొత్త గోడ లేచేది. ఊరంతా గృహప్రవేశం ముందు రోజు ఇల్లులా హడావిడిగా ఉండేది. నేను మాత్రం పొద్దున్నే పప్పు వండేసి, మిగిలిన రోజంతా కిటికీలోంచి నల్లరాతి కొండల్ని చూస్తూ కూర్చునేదాన్ని.

మత్రా రేవు దగ్గర ఒక పాత వర్తకుడి ఇంటిని మ్యూజియంగా మారుస్తున్నారనీ, ఇళ్లలో ఆడవాళ్లతో మాట్లాడగలిగే ఆడమనిషి కోసం చూస్తున్నారనీ మా వారు ఒకరోజు కబురు తెచ్చారు. మర్నాడే వెళ్లాను. డైరెక్టరు పెంబర్టన్ అనే ఇంగ్లీషాయన. పొడుగ్గా, సన్నగా ఉంటారు. ఎండకు ముక్కు ఎప్పుడూ ఎర్రగా ఉండేది. నా సర్టిఫికెట్లు తీసి చూపించబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టి, బల్ల మీదున్న మట్టికుండను చూపించి, "దీన్ని ఆ బల్ల మీద పెట్టండి," అన్నారు.

ఆ రెండో బల్ల నిండా కాగితాలు, సుత్తులు, టీ కప్పులు ఉన్నాయి. నేను ముందు వెళ్లి వాటన్నిటినీ పక్కకు జరిపి చోటు చేశాను. అప్పుడు వచ్చి, కుండ చెవి పట్టుకోకుండా ఒక చెయ్యి అడుగున, ఒక చెయ్యి పక్కన పెట్టి తీసుకెళ్లాను. ఆయన గడియారం చూసుకుని, "రేపు ఎనిమిదింటికి రండి," అన్నారు. నా ఇంటర్వ్యూ అంతే. ఎక్కడ పెట్టాలో తేల్చుకోకుండా ఏ వస్తువునూ చేతిలోకి తీసుకోకండని నేను తర్వాత ఎందరికో చెప్పాను. ఈ పనిలో సగం ప్రమాదాలు అక్కడే జరుగుతాయి.

పచ్చ బట్ట

మ్యూజియంలో నాకు దొరికిన మరో మనిషి మల్లయ్య. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి బిల్డింగు పనికి వచ్చి, సున్నం వేస్తూ, మేకులు కొడుతూ, చివరికి మా దగ్గర అన్ని పనులకూ స్థిరపడ్డాడు. ఆ ఇంట్లో తెలుగు మాట వినబడింది మా ఇద్దరి మధ్యే.

షోకేసుల్లో పరచడానికి పెంబర్టన్ గారు పచ్చటి ఉన్ని బట్ట తెప్పించారు. చూడ్డానికి మహా దర్జాగా ఉండేది. దాని మీద వెండి నాణేలూ, బాకుల ఒరలూ అమర్చాం. కొద్ది వారాలకే వెండి నల్లబడింది. "సముద్రపు గాలి," అన్నారాయన. నా అనుమానం బట్ట మీద. ఉన్నిలో గంధకం ఉంటుందనీ, మూసిన పెట్టెలో అది వెండిని నల్లబరుస్తుందనీ చదువుకున్నాను. కానీ చేరి నెలైనా కాకుండా డైరెక్టరుకు పాఠం చెబితే ఏం బాగుంటుంది? అందుకని నా కాలిపట్టీలు విప్పి, తోమి, ఒకదాన్ని పచ్చ బట్ట ఉన్న పెట్టెలోనూ, రెండోదాన్ని బట్ట లేని పెట్టెలోనూ పెట్టి మూత వేశాను. ఒకే ఇల్లు, ఒకే సముద్రం.

కొన్నాళ్లకు రెండూ తీసి ఆయన బల్ల మీద పక్కపక్కన పెట్టాను. ఒకటి తెల్లగా, ఒకటి బొగ్గులా ఉంది. ఆయన వాటిని చూసి, లేచి, తన చేత్తోనే మొదటి పెట్టెలోని బట్ట పీకడం మొదలుపెట్టారు. ఆ రోజు నుంచీ ఆయనంటే నాకు గౌరవం. తర్వాత ఆయనతో ఎన్ని పేచీలు వచ్చినా ఆ గౌరవం పోలేదు. చూపిస్తే ఒప్పుకునే పైఅధికారి దొరకడం ఈ ఉద్యోగంలో పెద్ద అదృష్టం.

మల్లయ్యకు మాత్రం బట్ట మీదే మనసు. "గింత మంచి బట్ట పారేస్తరా అమ్మా? సచ్చేదాక చినగదిది."

"తీసుకెళ్లి చొక్కా కుట్టించుకో," అన్నాను.

"గీ ఎండల ఉన్ని అంగీనా? నన్ను సంపుతవా ఏంది?" అని, దాన్ని మడిచి తల కింద పెట్టుకోవడానికి తీసుకెళ్లాడు.

మెచ్చుకుంటే వచ్చిన మేక

నా అసలు పని ఊళ్లు తిరగడం. ఆడవాళ్ల గదులకు వెళ్లి, వాళ్లు వాడే నగలు, బట్టలు, పెట్టెలు, పాత్రలు చూసి, మ్యూజియంలో స్త్రీల గది కోసం సేకరించాలి. జీపూ డ్రైవరూ ఇచ్చారు. మహారాణిలా బయల్దేరాను.

మన ఆడవాళ్లం ఎవరింటికైనా వెళితే గుమ్మం దగ్గర్నుంచే మొదలుపెడతాం. ఈ చెంబు ఎంత బాగుందో, ఈ దుప్పటి ఎక్కడ కొన్నారు, మీ చేతి కాఫీ అద్భుతం. అలా అనకపోతే మర్యాద తెలియని మనిషి అనుకుంటారు. నేనూ అదే చేశాను. మొదటి ఇంట్లో నా వచ్చీరాని అరబ్బీలో ఇత్తడి కాఫీ కూజాను మెచ్చుకున్నాను. ఆ ఇల్లాలు దాన్ని కడిగి నా ఒళ్లో పెట్టింది. వద్దన్నా వినలేదు. రెండో ఇంట్లో ఈతాకు చాపను మెచ్చుకున్నాను, అది చుట్టి జీపులో పెట్టారు. మూడో ఇంటి వాకిట్లో మేకపిల్ల ఒకటి గంతులేస్తుంటే ముద్దొచ్చి ఎత్తుకున్నాను. వీడ్కోలు చెప్పి వచ్చేసరికి అది జీపు వెనకసీట్లో నిలబడి నన్ను చూస్తోంది.

మల్లయ్య దాన్ని దింపుతూ పడీ పడీ నవ్వాడు. "ఏందమ్మా, మేకను గూడ గాజు పెట్టెల పెడ్తమా?"

పెంబర్టన్ గారి ఆనందం మాత్రం వేరు. ఖర్చు లేకుండా వస్తువులు వస్తున్నాయని ఆయన లెక్క. "వచ్చే వారం వెండి ఉన్న ఇళ్లకు వెళ్లండి. బాగా మెచ్చుకోండి," అన్నారు. నాకేదో అనుమానం వచ్చింది. డ్రైవర్ని అడిగితే విషయం తెలిసింది. అతిథి ఏదైనా బాగుందని నోరారా అంటే, ఇవ్వకపోవడం వాళ్లకు నామోషీ. అంటే నేను మర్యాద చేస్తున్నాననుకుంటూ ఇళ్లు ఊడ్చుకొస్తున్నానన్నమాట.

మర్నాడు మేకనూ, చాపనూ, కూజానూ ఎక్కడివక్కడ దింపి వచ్చాను. పెంబర్టన్ గారితో చెప్పాను: "సిగ్గుపడి ఇచ్చినవి మనకు వద్దండి. అరువు అడుగుదాం. వాళ్లదిగానే ఉంటుంది, మనం చూపిస్తాం." అరువు సామానుతో ఎప్పుడూ తలనొప్పేనన్నారు ఆయన. అయినా వేరే దారి లేక సరేనన్నారు. ఇప్పుడు పెద్ద పెద్ద మ్యూజియాలు ఇదే సంగతి మీద సభలు పెట్టుకుంటున్నాయి. మాకు ఒక మేక నేర్పింది.

షంసా బీబీ

సోహార్ దగ్గర ఖర్జూరపు తోటల మధ్య ఒక ఇంట్లో షంసా బీబీ ఉండేది. భర్త వ్యాపారం వల్ల వయసులో కొన్నేళ్లు బొంబాయిలో ఉండి వచ్చింది. అందుకే ఆవిడ హిందుస్తానీ, నా హైదరాబాదు ఉర్దూ చక్కగా కలిశాయి. ఆ చుట్టుపక్కల ఆడవాళ్లలో ఆవిడ మాటకు తిరుగులేదు.

ఆవిడ చెక్కపెట్టె తెరిచి, పెళ్లికూతురి వెండి ఒక్కొక్కటీ తీసి చాప మీద పరిచింది. నుదుటి మీదికి జారే నాణేల వరస, చేతికి బరువైన కడియాలు, కాళ్లకు అందెలు, మెడలోకి హిర్జ్ అనే రక్షాపెట్టె వేలాడే పెద్ద హారం. మెచ్చుకోలు నోటిదాకా వచ్చింది. అయినా పెదవులు బిగించి కూర్చున్నాను.

"నచ్చలేదా, బేటీ?" అంది.

"నచ్చింది, బీబీ."

"మరి మాట్లాడవేం?"

"మాట్లాడితే మీరు ఇచ్చేస్తారు. ఇదివరకు ఇలాగే మా జీపులో ఒక మేక ఎక్కింది."

సంగతంతా విని ఆవిడ ముసుగు జారిపోయేలా నవ్వింది. లోపలి గదుల్లోంచి కోడళ్లు కూడా వచ్చి మళ్లీ చెప్పించుకుని నవ్వారు. తర్వాత ఆవిడ హారాన్ని ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా అంది: "ఇది మా అత్తగారిది. మా ఇంటి పెళ్లికూతుళ్లందరూ ఇదే పెట్టుకున్నారు. ఇప్పటి పిల్లలకు బంగారం కావాలి. మా మనవరాలు మోజా ఒక్కతే వెండే కావాలంటోంది. నీకిచ్చేస్తే దాని పెళ్లికి ఏం చెయ్యను?"

"పెళ్లికి తీసుకోండి. ఎప్పుడడిగితే అప్పుడు ఇస్తాను."

"నువ్వే తెచ్చిస్తావా?"

"నేనే తెచ్చిస్తాను."

అక్కడే, అప్పుడే, ఆవిడ వెండి మూటకట్టి నా చేతికిచ్చింది. చుట్టుపక్కల ఆడవాళ్లు మాత్రం ఏమీ ఇవ్వలేదు. షంసా బీబీ వెండి తిరిగొస్తుందో రాదో చూసి ఆలోచిస్తామని మొహం మీదే చెప్పారు. అలా మా స్త్రీల గదిలో ఒక పెద్ద షోకేసు నిండా వెండి, మిగిలిన అరల నిండా గాలి ఉండేవి.

నేనిచ్చిన మాట పెంబర్టన్ గారికి చెబితే నవ్వేశారు. "అడిగితే చూద్దాంలెండి. ఒకసారి గాజు వెనక చూసుకున్నాక ఎవరూ అడగరు."

అడిగారు

ప్రారంభోత్సవానికి ఇంకా రెండు మూడు వారాలుందనగా సోహార్ నుంచి మనిషి వచ్చాడు. మోజా పెళ్లి కుదిరింది, వెండి తీసుకుని నన్ను రమ్మంటున్నారు.

పెంబర్టన్ గారు కళ్లజోడు తీసేశారు. ఆయన కళ్లజోడు తీస్తే సమాధానం 'కాదు' అని అర్థం. "వస్తువు మ్యూజియంలోకి వచ్చాక బయటికి వెళ్లకూడదు. వెళ్లింది విరిగి వస్తుంది, లేకపోతే రాదు. రెండూ నా కళ్లతో చూశాను."

"మాట ఇచ్చానండి."

"ఆ మాటకు ఇంత బరువుంటుందని నేను అనుకోలేదు."

ఆయన చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. నేను చదివిన పాఠాల్లోనూ అదే ఉంది. కానీ నేను ఆ వెండి ఇవ్వకపోతే ఆ చుట్టుపక్కల ఏ గుమ్మమూ ఎక్కలేను, ఎక్కకూడదు కూడా. చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఆయన ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. వెండి వెంట నేనే ఉండాలి. ప్రారంభోత్సవం నాటికి అది షోకేసులో ఉండాలి. లేకపోతే ఆ గదిలో తుపాకులూ కత్తులూ పెడతారు, స్త్రీల గది ఉండదు. ఆయన బెదిరించే రకం కాదు. పెద్దల ముందు ఖాళీ గదిని చూపించలేననే ఆయన బాధ.

ఇంట్లో మా వారూ ఆయన పక్షమే. "ఏవిటే ఈ తద్దినం? పోయిందంటే మన ఇద్దరి జీతాలూ కలిపినా తీరదు," అన్నారు. మల్లయ్య ఒక్కడికే ఇందులో వింత కనబడలేదు. ప్రతి నగకూ విడివిడిగా గూడు చేసి, దూది పరిచి, చక్కటి పెట్టె తయారుచేస్తూ, "లగ్గానికే గదమ్మా పోతున్నయి! మా ఊర్ల పక్కింటోళ్ల సొమ్ములు పెట్టుకోకుంట ఏ పిల్ల లగ్గం అయ్యింది? మల్ల తెచ్చియ్యరా ఏంది?" అన్నాడు.

పెళ్లివారింట్లో

పెట్టె ఒళ్లో పెట్టుకుని సోహార్ చేరాను. నగలు వచ్చాయి, నేను వచ్చాను, పెళ్లికొడుకు రాలేదు. అతను దేశానికి దక్షిణపు కొసన సలాలాలో రేవు పనిలో ఉన్నాడు. అక్కడ ఖరీఫ్ అనే నైరుతి వానల చివరి రోజులు. మబ్బు కిందికి దిగి విమానం ఎగరడం లేదట. ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు అంటూ రోజులు గడిచాయి. నేను పెట్టె పక్కనే పడుకుని, పెట్టె పక్కనే తిని, పెట్టెతోనే పెళ్లివారింటి మనిషినైపోయాను. మాంసం తిననని తెలిసి నాకు రొట్టె, తేనె, పెరుగు, ఖర్జూరాలు వేరే పళ్లెంలో పెట్టేవారు. బదులుగా నేను వాళ్లకు పులిహోర కలిపి పెట్టాను. మిరపకాయలు చూసి భయపడ్డారు గానీ గిన్నె ఖాళీ చేశారు.

చివరికి మబ్బు విడిచింది, పెళ్లికొడుకు దిగాడు. మోజాకు ఆకుపచ్చ పెళ్లిబట్టలు కట్టారు. నేను తెల్లటి నూలు చేతితొడుగులు వేసుకుని హారం తీయబోతే బీబీ నా చేతులు పట్టుకుంది.

"ఇదేంటి? పెళ్లికూతుర్ని గుడ్డచేతుల్తో ముట్టుకుంటారా?"

తొడుగులు విప్పేసింది. నేను మెత్తటి బట్టతో నెలల తరబడి తుడిచి కాపాడిన వెండి మీద పన్నీరు చల్లారు, కుంకుమపువ్వు రాసిన మెడలో హారం వేశారు, సాంబ్రాణి పొగ పట్టారు. నాలోని ఉద్యోగి లోపల లబలబలాడింది. ఇంతలో మోజా లేచి నాలుగడుగులు నడిచింది. ఆ వెండంతా ఒక్కసారి మోగింది. నేను దాన్ని బల్ల మీద పెట్టి కొలిచాను, ఫోటోలు తీయించాను, లేబుళ్లు రాశాను. అది అలా మోగుతుందని మాత్రం నాకు తెలియదు. ఏడుపొచ్చింది. అంత సంతోషంగా ఎప్పుడూ ఏడవలేదు.

పెళ్లయ్యాక పెట్టె తెరిచి పట్టుకుని నిలబడితే బీబీ నన్ను ఆశ్చర్యంగా చూసింది. "వారం దాకా తియ్యకూడదు, బేటీ. తీస్తే పిల్లకు మంచిది కాదు."

పెళ్లి వాయిదా పడకపోతే ఆ వారం ఎప్పుడో గడిచిపోయేది. ఇప్పుడు ప్రారంభోత్సవం సరిగ్గా మధ్యలో పడింది. ఆ గది సంగతి, తుపాకుల సంగతి అన్నీ ఆవిడకు చెప్పాను.

ఆవిడ శ్రద్ధగా విని, "ఆ రోజు వెండి మీ గదిలో ఉంటుంది," అంది.

"మరి వారం దాకా తియ్యకూడదన్నారు కదా?"

"తియ్యం."

అదెలాగని నాకు అడగబుద్ధి కాలేదు. నా మాట నమ్మి ఆవిడ తన ఇంటి వెండంతా ఇచ్చింది. ఆవిడ మాట నమ్మి నేను ఖాళీ పెట్టెతో వెళ్లలేనా? అలా అనుకుని జీపెక్కాను.

ప్రారంభోత్సవం

పెంబర్టన్ గారు ఖాళీ పెట్టెను చూశారు, నన్ను చూశారు. అరిచి ఉంటే బాగుండేది. "రేపటి తర్వాత ఆ గది గురించి మాట్లాడదాం," అని వెళ్లిపోయారు. వెళ్తూ ఆ షోకేసులో కత్తులైనా పెట్టమన్నారు. నేను పెట్టనన్నాను. దాని బదులు అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఒక లేబులు రాయించి ఖాళీ అద్దాల వెనక నిలబెట్టాను: "ఇందులోని వస్తువులు పెళ్లికి వెళ్లాయి." ఆయన అది చదివి పెదవి విరిచారు గానీ, తీసెయ్యలేదు.

ప్రారంభోత్సవం రోజు ప్రభుత్వ పెద్దలు వచ్చారు, కంపెనీల వాళ్లు, వాళ్ల భార్యలు వచ్చారు. బాకుల గది, పడవల గది చూసి మెచ్చుకున్నారు. స్త్రీల గదికి వచ్చి ముఖ్య అతిథి ఖాళీ షోకేసు ముందు ఆగారు. లేబులు చదివారు.

"ఎవరి పెళ్లి?" అని అడిగారు.

పెంబర్టన్ గారు నా వైపు తిరిగారు. నేను నోరు తెరిచేలోపే వీధిలో ఒక లారీ ఆగింది. మల్లయ్య పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, పెండ్లి పిల్ల వచ్చింది! లారి నిండ ఆడోళ్లే!"

ముందు షంసా బీబీ, వెనక ఆ ఊరి ఆడవాళ్లు, మధ్యలో ఆకుపచ్చ బట్టల్లో మోజా. ఒంటి మీద వెండంతా మోగుతోంది. బీబీ గదిలోకి వచ్చి, అక్కడున్న మగవాళ్లందర్నీ ఒకసారి కలయజూసింది. ముఖ్య అతిథి వెంటనే అర్థం చేసుకుని, చిరునవ్వుతో అందర్నీ తీసుకుని బయటికి నడిచారు. పెంబర్టన్ గారు తన మ్యూజియంలోంచి తానే బయటికి వెళ్లాల్సి వచ్చింది. తలుపు వేశాం. మోజా మేలిముసుగు తీసింది. ఏ నగ ఎవరు చేయించారు, ఏ నాణెం ఏ మేనత్త ఇచ్చింది, ఏ అందె ఏ పెళ్లిలో వంగిందో బీబీ చెబుతుంటే, మోజా చెయ్యి ఎత్తి, మెడ తిప్పి చూపించింది. ఇంగ్లీషు దొరసానులు, మస్కట్ ఇల్లాళ్లు, సోహార్ కోడళ్లు ఒకర్నొకరు తోసుకుంటూ చూశారు. నేను మూడు భాషల్లో అరుస్తూ చెప్పాను. నా లేబుళ్లలో ఉన్నవి సగం తప్పులని అప్పుడే తేలింది.

కొంతసేపటికి తలుపు కొద్దిగా తెరిచి చూస్తే, పెంబర్టన్ గారు నడవలో కాఫీ కప్పు పట్టుకుని, లోపలి నవ్వులు వింటూ నిలబడి ఉన్నారు.

"లోపల ఏం జరుగుతోంది?" అన్నారు ఆత్రంగా.

"చెప్పినా మీకు అర్థం కాదండీ, చూడాల్సిందే," అన్నాను. "చూడనివ్వరు."

ఆయన నవ్వారు. అంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

వారం తర్వాత

వారం నిండాక లారీ మళ్లీ వచ్చింది. మోజా తలుపు వేసిన గదిలో నగలు తీసి, మేలిముసుగు వేసుకుని, ఒక్కొక్కటీ తనే షోకేసులో పెట్టుకుంది. పెంబర్టన్ గారు చేతులు కడుక్కుని వచ్చి పళ్లెం పట్టుకుని నిలబడ్డారు. నేను వెండిని పొడిబట్టతో అద్దాను. అంతకుమించి తుడవబోతే, "సాంబ్రాణి వాసన ఉండనివ్వండి," అన్నారు. గంధకం లేని వాసనే కనుక నాకూ అభ్యంతరం లేకపోయింది.

లారీలో వచ్చిన ఆడవాళ్లు వెళ్లలేదు. వాళ్ల ఒళ్లో మూటలున్నాయి, రేకు పెట్టెలున్నాయి. ఒకామె తన తల్లి కుట్టిన పెళ్లిపావడా తీసింది. ఒకామె కాటుక భరిణె, ఇంకొకామె అత్తగారి కడియాలు. "తీసుకున్నవాళ్లు తిరిగివ్వరనుకున్నాం. ఇచ్చారుగా," అన్నారు. ఇస్తూనే ఎవరి షరతు వాళ్లు పెట్టారు. నాకిది ఈద్‌కి కావాలి. నాకు చెల్లెలి పెళ్లికి. నాకు కోడలు వచ్చే రోజుకి. పెంబర్టన్ గారు గోడ మీది క్యాలెండరు తీసి, నేను చెబుతుంటే పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నారు. బయటికి వెళ్లిన వస్తువు తిరిగిరాదన్న ఆ పెద్దమనిషి చివర్న తలెత్తి, "ఈ పెళ్లిళ్లకు నన్ను కూడా పిలుస్తారేమో అడగండి," అన్నారు.

అడిగాను. మగవాళ్ల పందిట్లో కూర్చుంటే తప్పకుండా రావచ్చని షంసా బీబీ సెలవిచ్చింది.

ఆ తర్వాత నేను ఒమాన్‌లో ఉన్నన్నాళ్లూ ఆ స్త్రీల గదిని చూడ్డానికే జనం వచ్చేవారు. కానీ ఒక్కరోజు కూడా అది పూర్తిగా నిండి ఉండగా నేను చూడలేదు. ఎప్పుడూ ఏదో ఒక వస్తువు పెళ్లిలో ఉండేది.